నేనెందుకు నవ్వాను?

'ఆరెంజ్ ఈజ్ ద న్యూ బ్లాక్' అయిదో సీజన్‌లో నేను ఎక్కడెక్కడ నవ్వానో ఇంకా గుర్తుంది. గుర్తుపెట్టుకుందామని కాదు, అవి నన్ను వదలక.

2013 నుంచి 2019 దాకా నెట్‌ఫ్లిక్స్‌లో ఏడు సీజన్లుగా వచ్చిన ఈ సీరియల్‌కి పైపర్ కెర్మన్ జైలు జ్ఞాపకాలు ఆధారం. లిచ్‌ఫీల్డ్ అనేది అమెరికాలో ఒక కల్పిత మహిళా జైలు. నాలుగో సీజన్ (2016) చివర్లో ఖైదీలు భోజనశాలలో బల్లలెక్కి నిలబడి శాంతంగా నిరసన తెలుపుతారు. అక్కడ పూసే అనే నల్లజాతి యువతిని ఒక కుర్ర గార్డు నేలకదిమి, వీపు మీద మోకాలు మోపుతాడు. ఊపిరాడక చచ్చిపోతుంది. 2014లో న్యూయార్క్‌లో ఎరిక్ గార్నర్ పోలీసుల చేతుల్లో ఎలా చనిపోయాడో తెలిసినవాళ్లు దాన్ని వట్టి కథలా చూడలేరు. నేనా రాత్రి అన్నం తినలేదు.

2017 జూన్‌లో వచ్చిన అయిదో సీజన్ అంతా ఆ చావు తర్వాత జరిగే తిరుగుబాటు. మూడు రోజుల కథకి పదమూడు ఎపిసోడ్లు. సాగదీత తెలుస్తూనే ఉంటుంది. పూసే స్నేహితురాలు టేస్టీ దుఃఖం ఒక గదిలో, పక్క గదిలో కోతి చేష్టలు. బందీలైన గార్డుల చేత ఖైదీలు టాలెంట్ షో పెట్టిస్తారు, ఒక గార్డు బట్టలు విప్పుతూ డాన్సు చేస్తాడు. నేను పగలబడి నవ్వాను. అంతకుముందు సీజన్‌లో ఒక గార్డు తుపాకి చూపించి ఒక ఖైదీ చేత ఎలుకపిల్లను మింగించాడు కదా, కసి తీరినట్టయింది. అదే ఆడ ఖైదీల చేత గార్డులు ఆడించి ఉంటే హింస అనడానికి నాకు క్షణం పట్టేది కాదు. ఇక్కడ ఆ మాట నోటికి రాలేదు.

ఒక విషయంలో మాత్రం నాకు తటపటాయింపు లేదు. మూడో సీజన్‌లో టిఫనీ మీద అత్యాచారం చేసిన గార్డుని ఈ సీజన్‌లో ఆమె ప్రేమికుడిగా నిలబెట్టారు. క్షమించడం ఆమె ఇష్టం. కానీ అతని పశ్చాత్తాపాన్ని ప్రేమకథ చేసింది రచయితలు. క్షమించడమేమిటని అంతకుముందే మండిపడ్డ ఆమె స్నేహితురాలు బూ కోపమే నా కోపం.

ఇక చీటోస్ సంగతి. ఖైదీల డిమాండ్లలో న్యాయమూ ఉంది, చదువూ ఉంది, కారం చీటోస్ పొట్లాలూ ఉన్నాయి. "మనిషి చచ్చిపోతే వీళ్లకి చిప్స్ కావాలిట!" అని నవ్వాను. పక్కనున్న మా అమ్మాయి నవ్వలేదు. "హాస్టల్లో ఉండి చూడమ్మా, తెలుస్తుంది" అంది. గవర్నర్ అసలు సంగతి వదిలేసి ఆ పొట్లాలు పంపిస్తే టేస్టీ వాటిని తగలబెట్టిస్తుంది. సీజన్ మొత్తంలో నాకు నచ్చిన ఘట్టం అదే. తినాలని ఆశపడ్డవాళ్ల గురించి అప్పుడు ఆలోచించనే లేదు.

అదే నెల 23న ముంబయి బైకుల్లా మహిళా జైల్లో మంజులా శెట్యే చనిపోయింది. యావజ్జీవ ఖైదీ, వార్డర్ పని కూడా చేసేది. రేషన్‌లో గుడ్లు, పావ్ తగ్గాయని అడిగినందుకు జైలు సిబ్బంది కొట్టి చంపారన్నది ఆరోపణ. ఆరుగురు సిబ్బందిని అరెస్టు చేశారు, అందరూ ఆడవాళ్లే. మర్నాడు ఖైదీలు జైలు మేడెక్కి గొడవ చేశారు. దాదాపు 200 మంది మీద అల్లరి కేసు పెట్టారు.

పేపర్లో 'గుడ్లు' అన్న మాట దగ్గర ఆగిపోయాను. తిండి చిన్న కోరిక, న్యాయం పెద్ద కోరిక అన్న నిచ్చెన ఒకటి నా బుర్రలో ఉంది. టేస్టీ పొట్లాలు తగలబెడితే చప్పట్లు కొట్టింది ఆ నిచ్చెన మీద నుంచే. బైకుల్లాలో గుడ్ల లెక్క అడగడమే న్యాయం అడగడం. ఏ పూట ఏం తినాలో ఇంకొకరు నిర్ణయించే చోట చీటోస్ అడిగిన ఆడది తెలివితక్కువది కాదు. టేస్టీ తప్పు చేసిందనీ అనలేను. ఒక ప్రాణానికి బదులు పొట్లాలు పంపించడం అవమానమే. సీజన్ ఎగుడుదిగుడుగా ఉందని విసుక్కున్నాను గానీ, ఆ ఎగుడుదిగుళ్లలో కొన్ని నావే.

మొన్న మళ్లీ చూశాను. టాలెంట్ షో దగ్గర మళ్లీ నవ్వొచ్చింది. చీటోస్ దగ్గర రాలేదు.