పర్ణశాల గీత, అశోకవనపు ఆనవాలు

భద్రాచలానికి సుమారు 35 కిలోమీటర్ల దూరంలో, దుమ్ముగూడెం మండలంలో, గోదావరి తీరాన ఉన్న పర్ణశాలను సీతాపహరణం జరిగిన చోటుగా ఈ ప్రాంతపు భక్తులు తరతరాలుగా కొలుస్తున్నారు. పంచవటి నాసిక్ దగ్గరిదనే వాదం ప్రసిద్ధమే అయినా, స్థలనిర్ణయం ఇక్కడ విచార్యాంశం కాదు. లక్ష్మణుడు గీసిన గీత, దానిని దాటిన సీత అనే కథ ఈ అడవి అంచు జనం మనసులో ఇంటి రక్షణకు తొలి దృష్టాంతంగా నిలిచిపోయింది కనుక, ఖమ్మం నుంచి భద్రాచలం వరకు ఇళ్లలో వెలిసిన వై-ఫై రూటర్లకు పెట్టుకునే పాస్‌వర్డును సైతం లక్ష్మణరేఖగానే తలచడం సహజం. ఆ తలపుతోనే ఒక ధర్మసందేహం పుడుతుంది: ఇంటికి వచ్చి అడిగినవారికి లేదనరాదన్న ధర్మానికీ, ఇల్లు కాపాడుకోవాలన్న ధర్మానికీ తగవు వచ్చినప్పుడు గృహస్థు దేనికి కట్టుబడాలి?

తగవు నిజమైనదే. తైత్తిరీయోపనిషత్తులోని శిక్షావల్లి అతిథిని దైవంగా భావించమని స్నాతకునికి, అంటే చదువు ముగించి గృహస్థాశ్రమంలో అడుగుపెట్టబోయే విద్యార్థికి, ఉపదేశిస్తుంది. ఊరిలో ఒకటి రెండు ఇళ్లకే బ్రాడ్‌బ్యాండ్ వచ్చి, మొబైల్ సిగ్నల్ చెట్ల మాటున దోబూచులాడే గూడేలలో, పక్కింటి పిల్లవాడు పరీక్ష ఫలితాలు చూసుకోవడానికి వచ్చి అరుగు మీద కూర్చుంటే కాదనడం ఎవరికీ మనస్కరించదు. అయితే రేడియో తరంగాలకు అరుగు, ప్రహరీ అన్న భేదం లేదు. రూటర్ వెలువరించే సంకేతం గోడ దాటి వీధిలోకి పోతుంది కాబట్టి, పాస్‌వర్డ్ లేని నెట్‌వర్క్‌ను వాడుకునేవారు యజమాని కంటికి కనిపించనే కనిపించరు. కనిపించనివారిని అతిథులనడం కష్టం. 2008 జూలై 26న అహ్మదాబాద్ పేలుళ్లకు కొద్ది నిమిషాల ముందు వార్తాసంస్థలకు చేరిన బెదిరింపు ఈ-మెయిల్, నవీ ముంబైలో నివసిస్తున్న ఒక విదేశీయుని ఇంటి వై-ఫై ద్వారా వెళ్లినట్టు తేలడంతో, పోలీసు విచారణ మొదట ఆ ఇంటి గడపకే చేరింది.

ఇలాంటి సందర్భాల్లో లోకం ఇంటివారినే నిందిస్తుంది, గీత దాటిందని సీతను నిందించినట్టే. ఈ నిందకు మూలమైన గీత వాల్మీకి అరణ్యకాండలో లేదని గుర్తుంచుకోవడం మంచిది. అక్కడ లక్ష్మణుడు గీతలేవీ గీయడు. సీత పరుషంగా మాట్లాడి పంపగా, ఆమెను కాపాడమని వనదేవతలకు అప్పగించి వెళతాడు. గీతల కథ తర్వాతి రచనలలో చేరింది. తెలుగువారికి అది గోన బుద్ధారెడ్డి పేరిట ప్రసిద్ధమైన ద్విపద కావ్యం రంగనాథ రామాయణంలో కనిపిస్తుంది. వాల్మీకి సీత దాటిన హద్దంటూ ఏదీ లేదు. సన్న్యాసి వేషంలో వచ్చినవానిని బ్రాహ్మణుడనుకుని, అతిథి అనుకుని, పలకరించకపోతే శపిస్తాడేమోనని శంకించి ఆసనమిచ్చి సత్కరించింది. విఫలమైనది గోడ కాదు, గుర్తింపు. తరువాత వచ్చిన గీత కథ భక్తులకు ఎంత ప్రియమైనా, ఈ విషయంలో వాల్మీకి కథే నిశితమైనదని చెప్పాలి. అది తప్పును మోసగించినవాని వేషంలో చూపుతుంది, మోసపోయినదాని అడుగులో కాదు.

సుందరకాండ ఈ పాఠాన్ని ముందుకు తీసుకుపోతుంది. ఒకసారి వేషానికి మోసపోయిన సీత, అశోకవనంలో తాను రామదూతనన్న వానరుడిని వెంటనే నమ్మదు. ఇతడూ రావణుడే కావచ్చునని శంకించి, రాముని లక్షణాలు చెప్పమంటుంది. హనుమంతుడు వాటిని వర్ణించిన తరువాతే ఆమెకు నమ్మకం కుదురుతుంది, ఆపై అతడిచ్చిన ఉంగరం దానిని బలపరుస్తుంది. తిరిగి పంపేటప్పుడు ఆమె చూడామణితో సరిపెట్టక, చిత్రకూటంలో తనను పొడిచిన కాకి వృత్తాంతాన్ని ఆనవాలుగా, అంటే గుర్తుపట్టడానికి ఆధారంగా, చెబుతుంది. నగ ఎవరి చేతికైనా చిక్కవచ్చు. దంపతుల మధ్య ఏకాంతంలో జరిగిన సంగతి సీత చెప్పకుండా హనుమంతునికి తెలియదు కనుక, అది విన్న రామునికి దూత ఆమెను నిజంగా చూశాడని రూఢి అవుతుంది.

పాస్‌వర్డ్ ఈ రెండవ జాతికి చెందినది. 2004లో వచ్చిన డబ్ల్యూపీఏ2 అనే రక్షణ పద్ధతిలో ఫోను, రూటర్ కలుసుకునే తీరు గమనిస్తే ఇది తెలుస్తుంది. రెండూ చెరొక యాదృచ్ఛిక సంఖ్యను పంపుకుని, పాస్‌వర్డ్ నుంచి పుట్టిన తాళాన్ని ఆ సంఖ్యలతో కలిపి లెక్కకట్టి, ఆ లెక్క ఫలితం ద్వారా తమకు రహస్యం తెలుసునని ఒకదానికొకటి రుజువు చేసుకుంటాయి. పాస్‌వర్డ్ గాలిలో ప్రయాణించదు. పైగా రుజువు చూపవలసిన బాధ్యత ఫోనుదే కాదు, రూటర్‌ది కూడా. అదే పేరు తగిలించుకున్న మాయ నెట్‌వర్క్ ఎదురైతే, రహస్యం తెలియక అది ఈ పరీక్షలో నిలవలేదు. సీత హనుమంతుని పరీక్షించడం, ఆమె ఆనవాలును రాముడు గుర్తించడం వేర్వేరు సర్గలలో సాగితే, ఇక్కడ ఆ రెండూ రెప్పపాటులో ముగుస్తాయి.

ఈ పద్ధతికి ఉన్న లోపం భక్తులకు కొంచెం ఇబ్బంది కలిగించేదే. ఆ సంభాషణను దూరం నుంచి నమోదు చేసుకున్నవాడు, తీరిగ్గా కూర్చుని వేల పదాలను ఒక్కొక్కటిగా సరిపోల్చి చూడగలడు. ఎనిమిది నుంచి 63 అక్షరాల వరకు అవకాశం ఉన్నా, ఈ ప్రాంతంలో చేతికి ముందు తగిలేది రామనామమో, భద్రాద్రి పేరో, దాని వెనుక ఒక పుట్టిన సంవత్సరమో. అవే ఊహించేవానికీ ముందు తగులుతాయి. పంచుకున్నకొద్దీ నామం విలువ తరగదు, రహస్యం విలువ మిగలదు. కాబట్టి దేవుని పేరు పాస్‌వర్డుగా పెట్టడం భక్తికి లోటు కాకపోయినా భద్రతకు లోటే. 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3 ఈ తీరిక ఊహలను అడ్డుకునేలా సంభాషణనే మార్చింది గానీ, పాత రూటర్లు ఇంకా చాలా ఇళ్లలో ఉన్నాయి.

ఆనవాలు అన్న దృష్టితో చూస్తే మొదటి సందేహం తీవ్రత తగ్గుతుంది. గీత అందరినీ బయట నిలుపుతుంది. ఆనవాలు ఎవరిని లోనికి పిలవాలో నిశ్చయించుకోనిస్తుంది. భగవద్గీత 17వ అధ్యాయం సాత్త్విక దానానికి దేశం, కాలం, పాత్రత అనే మూడింటిని చెప్పింది. పాత్రత అంటే పుచ్చుకునేవాని అర్హత. ఇచ్చినట్టు ఇచ్చేవానికే తెలియని చోట ఈ మూడింటిలో ఏదీ నెరవేరదు, అది దానమూ కాదు. తెరిచి ఉంది కదా అని వాడుకునేవాడు కూడా యోగశాస్త్రం చెప్పిన అస్తేయాన్ని, అంటే ఇతరులు ఇవ్వనిదానిని తీసుకోకూడదన్న నియమాన్ని, తప్పినవాడే అవుతాడు. పక్కింటి పిల్లవానికి వేరే పాస్‌వర్డుతో అతిథి నెట్‌వర్క్ తెరిచి ఇవ్వడానికి చాలా రూటర్లలో వీలుంది. ఇంటి కంప్యూటర్లు, కెమెరాలు అతనికి అందవు, ఫలితాలు మాత్రం అందుతాయి.

అయినా ఒక చిక్కు మిగులుతుంది. ఇంటి పాస్‌వర్డ్ అందరికీ ఒక్కటే కనుక, రూటర్ గుర్తుపట్టేది మనిషిని కాదు, ఆ మనిషికి తెలిసిన రహస్యాన్ని. పెద్ద సంస్థలు ఒక్కొక్కరికి ఒక్కొక్క గుర్తింపు ఇచ్చి ఈ చిక్కును దాటుతాయి. ఇళ్లలో ఆ ఏర్పాటు అరుదు. అందుచేత మేడమీద వాటాలో అద్దెకున్నవారు ఖాళీ చేసి వెళ్లినప్పుడు, వారికి చెప్పిన పాస్‌వర్డును వారి నుంచి వెనక్కు తీసుకునే ఉపాయం లేదు. ఇంటిల్లిపాదికీ కొత్తది పెట్టి, ప్రతి ఫోనులో మళ్లీ కొట్టుకోవలసిందే.