నల్లబల్ల ముందు ఎవరు?

బడుల్లో జాతి విభజన చెల్లదని 1954లో అమెరికా సుప్రీంకోర్టు బ్రౌన్ కేసులో తీర్పు చెప్పింది. పిల్లల్ని కలిపారు. మరి పంతుళ్ళని? మిస్సోరీ రాష్ట్రం మోబర్లీలో 1955లో నల్లవాళ్ళ బడి మూతపడింది. అందులోని 11 మంది నల్ల టీచర్ల ఉద్యోగాలూ పోయాయి. కోర్టుకెక్కారు; 1959లో అప్పీలులోనూ ఓడిపోయారు. దక్షిణాదిలో ఇలాగే వేలమంది టీచర్లు, హెడ్మాస్టర్లు వీధిన పడ్డారు.

ఇదేం కలుపుకోవడం? పిల్లాడు కావాలి గానీ వాడికి అక్షరం నేర్పినవాడు అక్కర్లేదా? 2020-21 నాటికి కూడా అక్కడి ప్రభుత్వ బడి టీచర్లలో 80 శాతం తెల్లవారే. పిల్లల్లో మాత్రం తెల్లవారు సగం కూడా లేరు.

'పంతులికి జాతేమిటి, అర్హత చూడాలి గానీ' అంటారు. మేమూ అర్హతే చూడమంటున్నాం. డిగ్రీలూ అనుభవమూ ఉన్నవాళ్ళనే కదా అక్కడ గెంటేసింది!

ఉర్దూ పోస్టులో తప్ప మమ్మల్ని ఊహించలేని వాళ్ళకి ఈ సంగతి చెప్పాలి. సాయిబు తెలుగు పద్యం చెప్పాలి. బేగం లెక్కలు చెప్పాలి, హెడ్మాస్టరు కుర్చీలో కూర్చోవాలి. ఇది మా పిల్లల ధైర్యం కోసమే కాదు, మీ పిల్లల చదువు కోసం కూడా. తనవాడు కానివాడికి ఏనాడూ 'నమస్తే సార్' అనని పిల్లాడికి సమానత్వం పరీక్షలో రాసే జవాబుగానే మిగిలిపోతుంది.