నోట పలికిన సంకల్పము

మానవుని సత్కార్యములకు అడ్డుపడు శత్రువులలో వెలుపలివారికంటె లోపలివాడు బలవంతుడు. వాని పేరు సంశయము. “ఇది నావలన కాగలదా? నేనెంతవాడను?” అను ప్రశ్న ఒక్కమారు మనస్సులో చొరబడినచో, చేయుటకు శక్తి యున్నను చేయి కదలదు. దాగియుండుటయే ఈ శత్రువునకు బలము. ఎవరికిని చెప్పని ఆశయమును మనుష్యుడు ఏ దినమున విడిచిపెట్టినను అడుగువారుండరు. విడిచితినని తనకును స్పష్టముగా తెలియదు. రేపు చూతమనుచుండగనే ఏండ్లు గడచిపోవును. కావున గొప్ప ఆశయము గలవాడు దానిని మనస్సులోనే ఉంచుకొనవలెనా, పదిమంది యెదుట పలుకవలెనా అనునది విచారింపదగిన విషయము.

పలుకరాదనువారి వాదము తేలికయైనది కాదు. చెప్పుటకంటె చేసి చూపుట మేలని పెద్దలందురు. తెలుగువారికి ఆరంభశూరులను నింద యుండనే యున్నది. మాటలు కోటలు దాటును గాని కాలు గడప దాటదను సామెత ప్రతి గ్రామమునను వినవచ్చును. ఆధునిక మనస్తత్వశాస్త్రము కూడ ఈ హెచ్చరికను కొంతవరకు బలపరచుచున్నది. పీటర్ గోల్విట్జర్, ఆయన సహచరులు 2009లో ప్రకటించిన పరిశోధనలో, ఒక వృత్తిలో నిపుణులము కావలెనని కోరు విద్యార్థులు తమ ఉద్దేశమును ఇతరులు గుర్తించినప్పుడు, గుర్తింపు పొందనివారికంటె తక్కువగా శ్రమించిరని తేలినది. ఇతరులు గుర్తించుటతోనే గమ్యమునకు కొంత చేరువైనట్లు మనస్సు తృప్తి పడుటయే దీనికి కారణమని ఆ పండితులు తలంచిరి.

అయినను పండ్రెండవ శతాబ్దమున కల్యాణములో వెలసిన శరణులు తమ అంతరంగమును దాచుకొనలేదు. వచనమనగా పలుకబడినదని అర్థము. ఏకాంతమున అనుకొన్నది వచనము కాదు, సాటివారు వినునట్లు చెప్పినదే వచనము. బసవేశ్వరుడు రాజ్యమున ఉన్నతాధికారము వహించిన వాడయ్యును, తన మనస్సు చంచలమైనదని తన వచనములలో బహిరంగముగా చెప్పుకొన్నాడు. సంశయమును దాచనివాడు గనుకనే సంకల్పమును కూడ దాచవలసిన అవసరము ఆయనకు కలుగలేదు. నుడి యొకటి, నడత యొకటి కారాదని శరణులు బోధించిరి. నుడియే లేనిచో నడతను దేనితో సరిచూచుకొనగలము?

తెలుగు సాహిత్యమున దీనికి ఉజ్జ్వలమైన ఉదాహరణము పాల్కురికి సోమనాథుడు. నన్నయ నాటినుండి పండితులు మన్నించిన మార్గము సంస్కృత పదభూయిష్ఠమైన చంపూ మార్గము. సోమనాథుడు ఆ మార్గమును విడిచి, బసవ పురాణమును జాను తెనుగులో, ద్విపదలో రచింతునని గ్రంథారంభముననే ప్రకటించినాడు. తెలుగు మాటలని చులకన చేయరాదనియు, ఇది సర్వజనులకు సులభముగా తెలియుననియు హేతువులు చూపినాడు. కృతి ముగిసిన పిమ్మట సమర్థించుకొనుట వేరు, మొదటనే పండితులు వినునట్లు ప్రతిజ్ఞ చేయుట వేరు. అట్లు పలికినవానికి వెనుకకు మరలు త్రోవ యుండదు. ఆ మాట ఏడు ఆశ్వాసముల మహాగ్రంథమై నిలిచినది. 1369లో భీమకవి దానిని కన్నడములోనికి తెచ్చినాడు.

ఇక, మాట ఎవరి యెదుట పలుకవలెనను ప్రశ్న మిగిలియున్నది. పదునైదవ శతాబ్దమున సంకలనము చేయబడిన శూన్యసంపాదనములో దీనికి సమాధానము లభించును. సొన్నలిగెలో, అనగా నేటి షోలాపూరులో, సిద్ధరామయ్య చెఱువు త్రవ్వించుచు, గుడులు కట్టించుచుండగా అల్లమప్రభువు అచ్చటికి వచ్చెను. జనులందరు కొనియాడుచున్న ఆ కార్యమును అల్లముడు కొనియాడలేదు, ప్రశ్నించెను. బయటి నిర్మాణమే పరమావధి యను భ్రమను తొలగించెను. పిమ్మట సిద్ధరామయ్య కల్యాణమునకు పోయి, చెన్నబసవేశ్వరుని వలన ఇష్టలింగ దీక్ష పొందెనని సంప్రదాయము. ఆయన సంకల్పము పదిమందిలో వెల్లడియైనది గనుకనే దానిలోని లోపమును చూపుట ఒక గురువునకు సాధ్యమైనది. గుట్టుగా దాచిన ఆశయమును ఎవరు సరిదిద్దగలరు?

అక్క మహాదేవి కల్యాణమునకు వచ్చినప్పుడును ఇట్లే జరిగినది. చెన్నమల్లికార్జునుడే తన పతియని ఆమె లోకమెల్ల వినునట్లు చెప్పినది. అనుభవ మంటపము ఆమెకు మొదట పూలమాల వేయలేదు. నీ పతి ఎవరని, నీ వైరాగ్యము ఎంతవరకు నిజమని అల్లముడు పరీక్షించెను. ఆమె ప్రతి ప్రశ్నకును సమాధానము చెప్పి, శరణులందరి మన్నన పొంది, తుదకు శ్రీశైలమున కదలీవనమునకు చేరెను. 2009 నాటి పరిశోధన చేసిన హెచ్చరికకు సమాధానము ఇచ్చటనే యున్నది. ఊరక మెచ్చుకొనువారి యెదుట పలికిన సంకల్పము తృప్తినిచ్చి నిద్రపుచ్చును. ప్రశ్నించు అధికారము గలవారి యెదుట పలికినది ఋణమై నిలిచి మేలుకొలుపును.

పలుకదగిన సంకల్పమునకు కొలత యొకటి కలదు. ఆయ్దక్కి మారయ్య నేలరాలిన బియ్యము ఏరి తెచ్చి, జంగమ దాసోహము నడపెడివాడు. ఒకనాడు ఆయన అవసరమునకు మించి తేగా, ధర్మపత్ని లక్కమ్మ అది ఆశయే యని మందలించి, అధికమైనదానిని తిరిగి పోసిరమ్మనెను. పెద్ద ఆశయము వేరు, పెద్ద ఆశ వేరు. “నేనింత పొందుదును” అనునది ఆశ. “నేనింత చేయుదును” అనునది సంకల్పము. గొప్ప వైద్యుడనగుదునని పలుకుటతో సరిపెట్టక, ఈ యేడు ఈ పాఠములు చదివెదను, ప్రతిదినము ఇంత కాలము కూర్చుండెదను అని కూడ పలికినప్పుడే ఆ మాట కాయకమగును.

ఈ విచారమున పెద్దలకు చెందిన భాగము పిల్లలకు చెందినదానికంటె పెద్దది. పేద కుటుంబములోని ఒక బాలిక తాను వైద్యవిద్య చదివెదనని భోజనమునొద్ద ధైర్యము చేసి చెప్పినదనుకొందము. “మన యింట అట్టివారెవరున్నారు?” అని పెద్దవారు నవ్విరేని, ఆ మాట మరల ఆమె నోట రాదు. పిల్లల సంశయములలో అనేకములు వారికి పుట్టుకతో వచ్చినవి కావు, ఇట్లు ఇంటివారు ఇచ్చినవి. అతిగా పొగడినను కీడే. నవ్వక, పొగడక, “మంచిది. దానికై ఈ దినము ఏమి చేసితివి?” అని అడుగుటయే పెద్దల ధర్మము. వసతిగృహములు నడుపు మఠములలో వారమునకొకమారు విద్యార్థులను కూర్చుండబెట్టి, ఎవరి సంకల్పము వారిచే పలికించి, మరుసటి వారము నెమ్మదిగా విచారించు ఆచారము పెట్టుకొనవచ్చును. ఖర్చులేని పని. పేద విద్యార్థికి అదియే అనుభవ మంటపమగును.

పలికినంతమాత్రమున సంశయము పూర్తిగా నశించునని చెప్పరాదు. అది మరునాడు మరల వచ్చును. కాని అంతకుముందు ఒంటరిగా దానితో పోరాడినవానికి ఇప్పుడు అడుగువారున్నారు, దిద్దువారున్నారు, చేయవలసిన నేటి పని కన్నులయెదుట నున్నది. ఆ పని సాయంకాలమునకు ముగిసినచో సంశయము అంతమేరకు బలహీనపడును. మరునాటి పనితో మరికొంత తగ్గును. కావున మనస్సులో ఏండ్ల తరబడి ఒక సదాశయమును మోయుచున్నవారు, తమను ప్రేమించియు ప్రశ్నింపగల ఒక్కరియెదుటనైనను దానిని నేడే నోరార పలుకుట శ్రేయస్కరము.