దండెం మీద న్యాయం

ప్యాంటుని దండెం మీద ఎలా ఆరెయ్యాలి? నవ్వకండి. మా అపార్టుమెంటులో ఈ విషయమై రెండు పార్టీలున్నాయి. నడుము పైకి, కాళ్ళు కిందికి అంటుంది మొదటి పార్టీ. మందంగా ఉన్న పట్టీలోంచీ జేబుల్లోంచీ నీళ్ళు కిందికి దిగిపోయి త్వరగా ఆరుతుందిట. కాళ్ళు పైకి అంటుంది రెండోది. తడిసిన నడుము బరువుకి కాళ్ళ ముడతలు సాగిపోతాయి, ఇస్త్రీ పని సగం తగ్గుతుంది. రెండూ నిజమే. నన్నడిగితే వానాకాలం మొదటిది, ఎండాకాలం రెండోది. మధ్యకి మడిచి తాడు మీద పడేసేవాళ్ళతో మనకి మాటల్లేవు.

ఒక్క విషయంలో మాత్రం అందరిదీ ఒకటే మాట. ప్యాంటుని తిరగేసి ఆరెయ్యాలి. ఎండకి రంగు వెలవదు, జేబులూ ఆరతాయి. అందుకే జేబులు నాలుకల్లా బయటపెట్టి, కుట్లూ అతుకులూ వీధికంతా చూపిస్తూ ప్యాంటు దర్జాగా ఊగుతుంటుంది. ఎవరూ ఏమీ అనుకోరు.

దాని పక్కనే ఓ తువ్వాలు ఉంటుంది, గమనించారా? ఆ తువ్వాలు కింద ఏముందో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

మా అమ్మమ్మ ఇంట్లో మడిబట్టలు ఎవరికీ తగలకుండా కర్రతో పై దండెం మీద ఆరేసేవారు. ఆడవాళ్ళ బట్టల కిందనుంచి మగవాళ్ళు నడవకూడదని ఇంకో నియమం. అందుకని లంగాలు పెరటి గోడ వెనక్కి పోయేవి. అక్కడ ఎండైనా ఉండేది పాపం! ఇప్పుడు పెరళ్ళు పోయాయి. నియమం మాత్రం బాల్కనీలోకి వచ్చి తువ్వాలు కింద దూరింది.

సిగ్గుపడటం తప్పనడం లేదు. ఆ సిగ్గుకి ఖర్చు ఎవరు పెట్టుకుంటున్నారనేదే నా ప్రశ్న. చెమ్మ వదలని లోబట్టలు వేసుకుంటే దురదా, తామరా పట్టుకుంటాయి. ఎండలో బాగా ఆరినవి వేసుకోమని డాక్టర్లు చెబుతూనే ఉంటారు. ఒంటిని అంటుకుని ఉండే బట్టకే కదా ఎండ ముఖ్యం? రంగు పోతుందని తిరగేసిన ప్యాంటు నీడలో ఆరినా నష్టం లేదు. కానీ నీడ చాలినదానికి ఎండ, ఎండ కావలసినదానికి తువ్వాలు! లోకమర్యాదలో ఇలాంటి పంపకాలు ఇంకెన్నో ఉన్నాయి గాని, వాటి జోలికి ఇవాళ పోను.

ఈ మాటే అంటే మా కింది ఫ్లాటు అమ్మాయి, "మీరు బాగానే చెప్తారు పిన్నిగారూ, ఎదురు బాల్కనీలో కుర్రాళ్ళు నిలబడి చూస్తుంటే ఏం చెయ్యమంటారు?" అంది. నిజమే. తప్పు చూసేవాడిదే అని రాయడం నాకు తేలిక. రోజూ బాల్కనీలో నిలబడవలసింది తను.

అయినా ఆ పిల్ల తెలివైనది. బట్టలన్నీ డాబా మీదికి మార్చింది. పిట్టగోడ వైపు తాడుకి మొగుడి ప్యాంట్లు నడుము పైకి పెట్టి, కాళ్ళు విడదీసి, వరసగా క్లిప్పులు పెడుతోంది. వెనక తాడు మీద తనవి. పదకొండు గంటలకల్లా ఎండ నడినెత్తికొచ్చి రెండు తాళ్ళ మీదా పడుతోంది. రెండో పార్టీవాళ్ళు చూసి, ఇస్త్రీకి ఎంత కష్టమో అంటున్నారు. ఇస్త్రీ వాళ్ళాయనే చేసుకుంటాడట.