తెరమీది దర్శనం: ప్రతిబింబమా, చిత్రమా?

తిరుమలలో మధ్యాహ్నం జరిగే శ్రీవారి కల్యాణోత్సవాన్ని శ్రీకాకుళంలోనో కరీంనగర్‌లోనో ఇంట్లో కూర్చుని టెలివిజన్‌లో చూసిన గృహస్థుకు స్వామి దర్శనం అయినట్టా, లేక స్వామి బొమ్మను మాత్రమే చూసినట్టా అన్న ప్రశ్న పైకి చిన్నదిగా కనిపించినా, దానికి సమాధానం చెప్పడానికి ఆగమం, న్యాయం, మీమాంస, వేదాంతం నాలుగింటినీ ఆశ్రయించవలసి వస్తుంది. తెలుగువారి ఇళ్లలోకి ఈ ప్రశ్నను నిత్యానుభవంగా తెచ్చినది తిరుపతి కేంద్రంగా నడుస్తున్న శ్రీ వేంకటేశ్వర భక్తి ఛానల్. తిరుమల తిరుపతి దేవస్థానాల ఆధ్వర్యంలో 2008 జూలై 7న అప్పటి రాష్ట్రపతి ప్రతిభా పాటిల్ చేతుల మీదుగా తెలుగులో ప్రారంభమైన ఈ ఛానల్ తరువాతి కాలంలో తమిళానికి, 2021 బ్రహ్మోత్సవాల సమయంలో కన్నడ, హిందీ భాషలకు విస్తరించింది. ఒక దేవాలయ వ్యవస్థ తన సేవలను తానే చిత్రీకరించి, తానే ప్రసారం చేసుకోవడం వల్ల, ఏది చూపవచ్చు, ఏది చూపరాదు అన్న నిర్ణయం కూడా వార్తాసంస్థ విచక్షణకు కాక ఆలయ సంప్రదాయానికే లోబడి ఉంటుంది.

ఈ ప్రసారం ఎలా జరుగుతుందో కొంత తెలుసుకోనిదే తాత్త్విక చర్చకు పునాది దొరకదు. మండపంలో వేర్వేరు చోట్ల నిలిపిన కెమెరాలు పట్టిన దృశ్యాలలో ఏ క్షణాన ఏది ప్రేక్షకుడికి చేరాలో నియంత్రణ గదిలోని నిర్దేశకుడు ఎంచుతాడు; వ్యాఖ్యాత క్రతువులోని ఒక్కొక్క ఘట్టానికి అర్థం చెబుతుంటాడు; ఆ దృశ్యశబ్దాలు సంకేతాలుగా మారి, భూమికి సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహాన్ని చేరి, తిరిగి కిందికి వచ్చి, కేబుల్ ద్వారానో ఇంటి మీది డిష్ ద్వారానో తెర మీద మళ్లీ రూపం ధరిస్తాయి. ఆకాశంలో ఈ రాకపోకలకు పట్టే కాలం సెకనులో నాలుగోవంతు మాత్రమే అయినా, దృశ్యాన్ని సంకేతంగా మార్చడానికి, మళ్లీ విప్పడానికి పట్టే సమయం తోడై, తెర మీది మంగళసూత్రధారణ మండపంలోని దానికంటే కొన్ని సెకన్లు వెనుకబడుతుంది. అన్నిటికంటే ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. ఆనందనిలయంలోని మూలమూర్తి ముందుకు కెమెరా వెళ్లదు. ప్రేక్షకుడు చూసేది శ్రీదేవి భూదేవులతో కూడిన ఉత్సవమూర్తి మలయప్పస్వామిని.

ఈ మర్యాదకు కారణం తిరుమలలో అనుసరించే వైఖానస ఆగమంలో ఉంది. విఖనస మహర్షి పేర వెలసి, మరీచి, భృగువు, అత్రి, కాశ్యపుల గ్రంథాల ద్వారా విస్తరించిన ఈ శాస్త్రం ప్రకారం ఆలయంలో భగవంతుడు ఐదు బేరాలలో, అంటే ఐదు మూర్తులలో, ఆరాధన అందుకుంటాడు. కదలని మూలమూర్తి ధ్రువబేరం. నిత్యార్చన అందుకునే భోగశ్రీనివాసుడు కౌతుకబేరం. కైశిక ద్వాదశినాడు మాత్రమే సూర్యోదయానికి ముందు వెలుపలికి వచ్చే ఉగ్రశ్రీనివాసుడు స్నపనబేరం. ఊరేగే మలయప్పస్వామి ఉత్సవబేరం. కొలువు శ్రీనివాసుడు బలిబేరం. ధ్రువబేరంలో నెలకొన్న శక్తిని అర్చకుడు మంత్రపూర్వకంగా మిగిలిన మూర్తులలోకి ఆవాహన చేస్తాడు. ఆవాహనం అంటే అంతటా ఉన్నవాడిని ఒక చోటికి రమ్మని పిలవడం, పిలుపును మన్నించి ఆయన రావడం. భోగశ్రీనివాసుడిని మూలమూర్తితో కలిపే సంబంధసూత్రం, అంటే అనుసంధానంగా కట్టిన దారం, ఈ భావననే కంటికి కనిపించేలా చేస్తుంది. ఒకే దైవం పలు రూపాలలో ఏకకాలంలో సన్నిహితుడై ఉండగలడన్నది కాబట్టి టెలివిజన్ తెచ్చిన కొత్త ఊహ కాదు. అయితే సంప్రదాయంలో ఆ విస్తరణకు ద్రవ్యం, మంత్రం, అధికారం గల కర్త అనే మూడూ కావాలి. తెర మీది రూపానికి ఈ మూడూ లేవు. ఇంటి తెరలోకి ఎవరూ స్వామిని ఆవాహన చేయలేదు గనుక, దానిని ఆరవ బేరంగా భావించడానికి శాస్త్రంలో తావు లేదు.

ఇంతటితో చర్చ ముగిసినట్టు కనిపించవచ్చు గాని, అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. తెర మీది రూపం బేరం కాకపోయినా, బేరాన్ని చూపే సాధనం కావచ్చు కదా? నైయాయికుల మతంలో ప్రత్యక్షజ్ఞానం ఇంద్రియానికీ వస్తువుకూ కలిగే సన్నికర్ష వల్ల, అంటే సంబంధం వల్ల, పుడుతుంది. కంటి నుంచి వెలువడిన తేజస్సు వస్తువును తాకినప్పుడే చూడడం జరుగుతుంది. ఈ సిద్ధాంతానికి అద్దం ఒక పరీక్ష అయింది. అద్దంలో కనిపించే ముఖాన్ని కన్ను తాకడం లేదు కదా అన్న ఆక్షేపానికి, న్యాయసూత్రాల మూడవ అధ్యాయంలోని చర్చను అనుసరించి వచ్చిన సమాధానం ఏమిటంటే, కంటి కిరణం అద్దానికి తగిలి వెనుదిరిగి ముఖాన్నే చేరుతుంది, అందువల్ల చూస్తున్నది అసలు ముఖాన్నే. అద్వైతంలో ప్రకాశాత్మ యతి పంచపాదికా వివరణాన్ని అనుసరించే వివరణ ప్రస్థానం కూడా వేరే మార్గాన నడిచి దాదాపు ఇక్కడికే చేరింది: ప్రతిబింబం బింబానికి భిన్నం కాదు, అద్దంలో ఉన్నట్టు తోచడం మాత్రమే భ్రమ. ప్రతిబింబం బింబం వంటిదే గాని బింబం కాదని చెప్పే ఆభాసవాదులు దీనికి అంగీకరించరు.

ఈ వాదం పండితుల సభలకే పరిమితమై ఉంటే టెలివిజన్ చర్చలో దానికి ఇంత బరువు ఉండేది కాదు. ఆలయాచారమే ప్రతిబింబానికి ఒక స్థానం ఇచ్చింది. గోడ మీదనో వస్త్రం మీదనో చిత్రించిన మూర్తికి, నీరు తగిలితే చెడిపోయే మూర్తికి అభిషేకం చేయవలసి వచ్చినప్పుడు, ఎదురుగా అద్దాన్ని నిలిపి అందులోని ప్రతిబింబానికి స్నానం చేయించే విధానం ఆగమసంప్రదాయాలలో ఉంది. దానిని దర్పణస్నపనం అంటారు. పూరీ జగన్నాథాలయంలో దారుమూర్తులకు నిత్యం జరిగే అవకాశ సేవ కూడా అద్దంలోని ప్రతిబింబానికే జరుగుతుంది. ప్రతిబింబం మీద పోసిన నీరు బింబానికి అందుతుందని క్రతువు నమ్ముతున్నదంటే, రూపానికీ ప్రతిరూపానికీ మధ్య ఉన్న తంతువును శాస్త్రం ఉపేక్షించలేదని అర్థం. అద్దం మూర్తికి ఎదురుగా ఉంటుందనీ, ఆవాహన జరిగిన చోటనే ఉంటుందనీ మరువరాదు; అయినా, మూర్తి ఉన్నంతసేపే ప్రతిబింబం ఉంటుంది, మూర్తి కదిలితే అదీ కదులుతుంది, తెర వేస్తే అదీ మాయమవుతుంది అన్న లక్షణమే ప్రతిబింబాన్ని చిత్రం నుంచి వేరు చేస్తుంది.

ఈ లక్షణం ప్రత్యక్షప్రసారానికి ఉంది, ముద్రితప్రసారానికి లేదు. రెండూ ఒకే తెర మీద, ఒకే రంగులతో, ఒకే వ్యాఖ్యానంతో కనిపించవచ్చు. కంటికి వాటి మధ్య తేడా తెలియకపోవచ్చు. కాని ప్రత్యక్షప్రసారంలో తెర మీది రూపం తిరుమలలో ఆ సమయంలో జరుగుతున్న కర్మ మీద ఆధారపడి ఉంటుంది, కొన్ని సెకన్ల ఆలస్యం ఆ ఆధారాన్ని తెంచదు. ముద్రించి మళ్లీ చూపే కల్యాణంలో ఆ కర్మ ఎప్పుడో ముగిసిపోయింది. మీమాంసకుల దృష్టిలో కర్మ క్షణికం. చేయడంతో అది పూర్తవుతుంది, దాని ఫలాన్ని అపూర్వమనే అదృశ్యశక్తి మోస్తుంది. ముగిసిన కర్మ దృశ్యాన్ని ఎన్నిసార్లు చూపినా కర్మ మళ్లీ జరగదు. అందువల్ల ప్రత్యక్షప్రసారం ప్రతిబింబానికి బంధువు, ముద్రితప్రసారం చిత్రానికి బంధువు అని చెప్పడం న్యాయం. మొదటిది దర్శనానికి సమీపంలో నిలుస్తుంది; రెండవది స్మరణకు సాధనమవుతుంది. స్మరణ తక్కువదేమీ కాదు, భాగవతం చెప్పిన తొమ్మిది విధాల భక్తిలో దానికీ చోటుంది. కాని ఒకదాని పేరు మరొకదానికి పెట్టడం సరికాదు.

శబ్దం విషయంలో మాత్రం లెక్క మారుతుంది. పదిహేనవ శతాబ్దంలో ప్రతివాది భయంకరం అణ్ణన్ రచించిన శ్రీవేంకటేశ సుప్రభాతం ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గొంతులో రికార్డు అయిన తరువాత లక్షల ఇళ్లలో తెల్లవారుజామున మోగుతూ వచ్చింది. ఆ ఇళ్లలో ఎవరూ దానిని పాత రికార్డు అని భావించి చిన్నచూపు చూడలేదు. శబ్దం నిత్యమనీ, ఉచ్చారణ దానిని పుట్టించదు, వ్యక్తం మాత్రమే చేస్తుందనీ చెప్పే మీమాంసకుల మతం ఇక్కడ ఆదరువుగా నిలుస్తుంది: గొంతు వ్యక్తం చేసినా, యంత్రం వ్యక్తం చేసినా వినేవాడికి అందేది ఆ శబ్దమే. తెలుగునాట టెలివిజన్ కంటే ముందే రేడియో దీనిని నిరూపించింది. భద్రాచలంలో శ్రీరామనవమినాటి సీతారామకల్యాణానికి ఉషశ్రీ ఆకాశవాణిలో చెప్పిన ప్రత్యక్షవ్యాఖ్యానాన్ని పల్లెల్లో రేడియో చుట్టూ చేరి విన్నవారికి కనిపించినది ఏమీ లేదు. అయినా తలంబ్రాల ఘట్టం వారి మనసులో జరిగింది. శ్రవణాన్ని భక్తిలో మొదటి అంగంగా పెద్దలు ఎందుకు నిలిపారో ఆ ప్రసారాలు ఏ భాష్యానికీ తీసిపోకుండా చెప్పాయి. దృశ్యం వచ్చిన తరువాత శ్రోత చేసుకోవలసిన భావన పని తగ్గింది. నిర్దేశకుడు ఎంచిన కోణమే ప్రేక్షకుడి భావన అయింది. 1987లో దూరదర్శన్‌లో రామాయణం ధారావాహికం మొదలైనప్పుడు దేశమంతటా జనం స్నానం చేసి వచ్చి, టెలివిజన్ పెట్టెకు పూలమాల వేసి హారతి ఇచ్చారు. అక్కడ తెర మీద ఉన్నవారు నటులు, మూర్తి అసలే లేదు. ఆ హారతి పెట్టెకు కాదు, చూసేవారి హృదయంలోని అంతర్యామికి చేరిందని చెప్పుకోవచ్చు. కాని అంతర్యామికి తెర అవసరం ఎంతవరకు అన్నది మరొక ప్రశ్న.

2020లో ఈ ప్రశ్నలన్నీ ఒక్కసారిగా ఆచరణలోకి వచ్చాయి. కరోనా కారణంగా మార్చి 20 నుంచి జూన్ మొదటి వారం దాకా తిరుమలలో భక్తులకు దర్శనం ఆగిపోగా, సుప్రభాతం నుంచి ఏకాంతసేవ దాకా కైంకర్యాలు అర్చకుల సమక్షంలో యథావిధిగా సాగాయి. ఆ సంవత్సరం బ్రహ్మోత్సవాలు కూడా మాడవీధుల్లో కాక ఆలయం లోపలనే ఏకాంతంగా జరిగి, ప్రసారం ద్వారానే భక్తులకు చేరాయి. ఆగస్టు నెలలో ఆన్‌లైన్ కల్యాణోత్సవం మొదలైంది. టికెట్టు తీసుకున్న దంపతులు సంప్రదాయవస్త్రాలు ధరించి తమ ఇంట్లో టెలివిజన్ ముందు కూర్చుని, అర్చకుడు చెప్పినప్పుడు తమ గోత్రనామాలు తామే పలకవలసి ఉండేది. ప్రసాదం తరువాత తపాలాలో అందేది. ఇది అంతకు ముందటి ప్రసారం కంటే లోతైన మార్పు. ప్రేక్షకుడు చూసేవాడుగా కాక కర్మలో భాగస్వామిగా, యజమానిగా పిలుపందుకున్నాడు.

యజమానత్వం సంకల్పంతో సిద్ధిస్తుంది. సంకల్పమంటే ఈ కర్మను ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు చేస్తున్నారో పలికి మనసును కట్టుబరచుకోవడం. తెలుగునాట సంకల్పం చెప్పేవారు తామున్న చోటును శ్రీశైలానికి ఏ దిక్కున ఉన్నదో, ఏ నదుల మధ్య ఉన్నదో చెప్పుకుంటారు. అమెరికాలోని తెలుగువారి ఇళ్లలో పురోహితులు ద్వీపాన్నీ వర్షాన్నీ కూడా మార్చి, క్రౌంచద్వీపమనీ రమణకవర్షమనీ చెబుతారు. తిరుమల మండపంలో అర్చకుడు చెప్పే దేశకాలాలు తిరుమలవి. తెర ముందు గోత్రం పలికే గృహస్థు ఏ దేశాన్ని చెప్పుకోవాలి? తిరుమలలో మధ్యాహ్నమయ్యే వేళకు అమెరికా తూర్పు తీరంలో ఇంకా రాత్రే; అక్కడి సూర్యోదయాన్ని బట్టి తిథి కూడా వేరు కావచ్చు. ఈ సందేహాన్ని ఛాందసమని తోసిపుచ్చడం తేలిక గాని, దేశకాలాలను పలకనిదే కర్మను మొదలుపెట్టని సంప్రదాయానికి ఇది ప్రాణప్రదమైన సందేహం. కర్మ తిరుమలలో జరుగుతున్నది గనుక దేశకాలాలు తిరుమలవే. గృహస్థు తన గోత్రనామాలను అర్చకుడి ద్వారా అక్కడికి పంపుతున్నాడు. దూరాన ఉన్న యజమాని పేరున ఆలయంలో అర్చన జరిపించే ఆచారం ఎలాగూ ఉన్నదే అని సమాధానం చెప్పవచ్చు. ఈ సమాధానం నిలబడేదే. కాని అది నిలబడాలంటే ప్రసారం ప్రత్యక్షమై ఉండాలి.

తెర ఇవ్వలేనిదేమిటో కూడా చెప్పవలసి ఉంది. శ్రీవైష్ణవ ఆచార్యులలో పిళ్లై లోకాచార్యులు భగవంతుని రూపాలను నీటితో పోలుస్తూ, అంతర్యామిని భూగర్భజలంతోను, అవతారాలను ఏటి వరదతోను, అర్చామూర్తిని వరద తీసిన తరువాత ఏటిలో నిలిచిన మడుగులతోను పోల్చారు. దాహంతో వచ్చిన ఎవరికైనా వంగితే అందే నీరు అది. ఈ అందుబాటునే సౌలభ్యమంటారు. టెలివిజన్ సౌలభ్యాన్ని మరికొంత పెంచిందని, కొండ ఎక్కలేని వృద్ధులకు, మంచం పట్టినవారికి, గల్ఫ్ దేశాల కార్మికశిబిరాలలో ఉన్నవారికి మడుగు దారిని చూపిందని ఒప్పుకోక తప్పదు. దీనిని తక్కువగా మాట్లాడే హక్కు కాలు చేయి ఆడేవారికి లేదు. అయితే అర్చావతారానికి సౌలభ్యంతో పాటు పారతంత్ర్యమనే గుణం కూడా ఉంది. సర్వస్వతంత్రుడైనవాడు అర్చకుడు మేలుకొలిపితే మేల్కొంటాడు, స్నానం చేయిస్తే చేస్తాడు, నైవేద్యం పెడితే ఆరగిస్తాడు. తనను తాను మనిషి చేతికి అప్పగించుకోవడమే ఆ రూపంలోని దయ. తెర మీది రూపానికి ఎవరూ ఏమీ చేయనక్కరలేదు. అది ప్రేక్షకుడి సేవ కోసం ఎదురుచూడదు, అతడు లేచి వెళ్లినా అలాగే సాగుతుంది. నిజానికి అక్కడ పారతంత్ర్యం తలకిందులవుతుంది: రిమోట్ మీట ఒక్కటి నొక్కితే మాయమయ్యే రూపం ముందు మనిషి సేవకుడుగా కాక అధికారిగా కూర్చుంటాడు. ఇంట్లో ఒక చిన్న పటం ముందు పూవు పెట్టి, నీరు మార్చి, దీపం కొండెక్కకుండా చూసుకునే గృహిణి చేసే పనిలో ఆ పారతంత్ర్యానికి స్పందన ఉంది. గంటల తరబడి ప్రసారం చూసినవాడికి అది ఉండకపోవచ్చు. ఆన్‌లైన్ కల్యాణోత్సవంలో స్నానం, వస్త్రం, గోత్రోచ్చారణ అనే నియమాలు పెట్టినవారు ఈ లోటును గుర్తించే పెట్టారని భావించడానికి అవకాశముంది, ఎందుకంటే అవి ప్రసారానికి అవసరమైనవి కావు, ప్రేక్షకుడి శరీరాన్ని సేవలోకి దింపడానికి అవసరమైనవి.

అందుకే ప్రత్యక్షప్రసారానికీ ముద్రితప్రసారానికీ మధ్య ఉన్న తేడాను ఛానళ్లు తెర మీద ఎల్లప్పుడూ స్పష్టంగా చూపడం సాంకేతికమైన మర్యాదకు మించిన విషయం. నిన్నటి కల్యాణాన్ని నేటిదనుకుని గోత్రం చెప్పుకున్న గృహస్థు భక్తిని స్వామి స్వీకరించడని ఎవరూ అనలేరు. కాని తాను ఏ కర్మలో చేరుతున్నానో తెలిసి చేరే అధికారం ఆ గృహస్థుకు ఉంది. ఆ ఒక్క మాట తెర మూలన అక్షరాలలో ఉంటే, అతడు సంకల్పం చెప్పుకోవాలో, స్మరించి నమస్కరించాలో తానే నిర్ణయించుకోగలడు.