బెజ్జమహాదేవి కన్నీరు



పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున బెజ్జమహాదేవి కథను చెప్పెను. శివునకు తల్లి లేదని జాలిపడి, ఆయనను పసిబిడ్డగా భావించి, నీళ్ళు పోసి, పాలు పట్టి పెంచిన ముగ్ధభక్తురాలామె. ఆమెను పరీక్షింపనెంచి శివుడొకనాడు వ్యాధిని నటించెను. ఆ తల్లి తల్లడిల్లి విలపించెను. ఆ విలాపమును శివుడు విశ్వాసలోపముగా ఎంచలేదు. వాత్సల్యముగా గ్రహించి ప్రత్యక్షమయ్యెను.

కథలోని వ్యాధి నటన. మన ఇండ్లలోని వ్యాధి నిజము. తలసేమియా తీవ్రముగానున్న బిడ్డకు 3, 4 వారములకొకసారి రక్తమెక్కింపవలెను. ఆ రక్తమువలన దేహమున చేరు ఇనుమును తొలగించుటకు మందు వాడుచుండవలెను. ఇది ఒక మాసముతో ముగియు వ్రతము కాదు. ఏండ్ల తరబడి సాగు సేవ. రక్తము దొరకునో దొరకదోయని తండ్రికి చింత. ఆసుపత్రి వరండాలో తల్లికి జాగరణ. అట్టివారికి మనమిచ్చుచున్నదేమి? “ఏ జన్మ పాపమో” యను మాట. “కోడలు తెచ్చిన దోషము” అను నింద.

ఇది అసత్యము. తల్లియు తండ్రియు ఇరువురును తమకు తెలియకయే ఈ వ్యాధి లక్షణమును మోయుచున్నపుడే బిడ్డకది తీవ్రరూపమున సంక్రమించును. అప్పుడును ప్రతి గర్భమునందు ఆ అవకాశము నాలుగింట ఒక వంతు. ఇందెవ్వరి పాపమును లేదు. జనన మరణ సూతకములనే పాటింపని మనము రోగియైన శిశువును అశుభమని తలచుట తగునా? దేహమే దేవాలయమని బసవేశ్వరుడు బోధించెను. రోగదేహము మాత్రము దేవాలయము కాకపోవునా?

తల్లిదండ్రులారా! “రేపే నయమగును” అని మనసును మభ్యపెట్టుకొనుట ఆశ కాదు. ఆ రేపు రానిచో గుండె మరింత పగులును. క్రమము తప్పక రక్తమును మందును లభించిన బిడ్డలు పెరిగి, చదివి, కాయకము చేసికొనుచున్నారు. సరిపోలిన తోబుట్టువు మజ్జ దొరికినచో మజ్జ మార్పిడితో నయమగుటయు కలదు. అది అందరికి అమరదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టమున ఈ వ్యాధియు చేర్చబడినది. దాని ఆసరాను అడుగుటకు సంకోచింపకుడు. జీవితకాలపు భారమును ఒక్కనాడే తలకెత్తుకొనకుడు. ఈ పూట చేయవలసినది చేయుడు. పూజవేళ కన్నీరు వచ్చిన రానిండు. అలసినపుడు అలసితిమని చెప్పుడు. ఆరోగ్యముగానున్న బిడ్డనుకూడ ఒక ఘడియ ఒడికి తీసికొనుడు.

మఠములకు, కుటుంబములకు ఒక మనవి. దాసోహము అన్నముతో ముగియదు, రక్తమిచ్చుటయు దాసోహమే. బసవజయంతినాడు ఒక్కసారి ఇచ్చి మరచిన చాలదు. సేకరించిన రక్తము నిలువయుండునది కొద్ది వారములే కనుక ఏడాది పొడవున వంతులు వేసికొనవలెను. ఆసుపత్రికి తోడు పొండు. ఇంట మిగిలిన పిల్లలకు ఆ పూట అన్నము పెట్టుడు. వివాహమునకు ముందే వధూవరులకు ఈ రక్తపరీక్ష చేయింపుడు.

బెజ్జమహాదేవి తల్లిలేని శివునకు తల్లియైనది. మన వీధిలోని ఆ తల్లికి మనము తోడైన చాలును.