ఓడను నిలుపు పని

కల్యాణ్ రేవు మన కనేరికి ఎంతో దూరము లేదు. క్రీస్తు శకము మొదటి శతాబ్దమున, పేరు తెలియని గ్రీకు వర్తకుడొకడు వ్రాసిన ఎరిత్రియన్ సముద్ర పెరిప్లస్ అను గ్రంథమున ఆ రేవు ప్రసక్తి కలదు. శాతవాహనుల నాణెములలో కొన్నింటిపై రెండు కొయ్యల ఓడబొమ్మ కనబడును. నేత మన జీవనము గనుక, ఆ బొమ్మను చూచినపుడు మాకు ముందుగా తట్టునది తెరచాప. దానిని నేసిన వారెవరు? చిరిగినపుడు కుట్టిన వారెవరు? నాణెము చెప్పదు.

తెరచాప పడవపై తీరము వెంట పోవుట యనిన, గాలి నడపుచుండగా మనుష్యులు సముద్రమును చూచుచు కూర్చుందురని పలువురు తలంతురు. అది నిజము కాదు. ఉదయముననే తాళ్లు ఎక్కడ ఒరసి పోగులు లేచినవో చేతితో తడిమి చూడవలెను. అడుగున చేరిన నీటిని తోడవలెను. ఉప్పు పట్టిన కప్పీలను మంచినీటితో కడిగి చమురు పెట్టవలెను. చాప అంచున ఒక్క కుట్టు విడినను, అది జానెడు కాకమునుపే సూది పట్టవలెను. గాలి పుంజుకొన్న పిదప ఆ చిరుగు ఎంతవరకు పోవునో మగ్గము ఎరిగినవారికి చెప్పనక్కరలేదు. సాయంకాలము లంగరు దించు వేళకు, ఉదయము కడిగిన ఉప్పే మరల పేరుకొని యుండును.

రేపు మరల చేయవలసిన పనికి విలువ యేమి? ఇదియే మా ప్రశ్న. ఇల్లు కట్టించినవానికి పేరు. దానిని నలువది ఏండ్లు ఊడ్చిన ఆమెకు లేదు.

భారత నౌకాదళమునకు చెందిన తారిణి అను తెరచాప నౌక సుమారు 55 అడుగుల పొడవు గలది. 2017 సెప్టెంబరు 10న గోవాలో బయలుదేరి, 254 దినములలో భూమిని చుట్టి, 2018 మే 21న తిరిగి వచ్చినది. అందున్నవారు ఆరుగురు స్త్రీలు. వారిలో విశాఖపట్నపు స్వాతి, హైదరాబాదు ఐశ్వర్య మన తెలుగు బిడ్డలు. నాలుగు రేవులలో ఆగుట మొదటనే నిశ్చయింపబడినది. దినుసులు నింపుకొనుటకే గాక మరమ్మతులకును. ఆ పైన చుక్కాని యంత్రము చెడిపోగా మారిషసులోను ఆగవలసి వచ్చినది. ఆగిన దినములను తీసివేసి ఆ యాత్రను లెక్కించుట ఎట్లు?

ఇక మన యిండ్ల సంగతి. సాంచాలపై పన్నెండు గంటల పాళీ చేసి వచ్చినవాడు సంపాదనపరుడు. అతని బట్టలు ఉతికి, డబ్బా కట్టి, నీళ్లు పట్టి, అత్తగారికి వేళకు మందులిచ్చు కోడలిని మనము చుట్టములకు ఎట్లు చూపుదుము? “ఏం పని చెయ్యది, ఇంట్లనే ఉంటది” అందుము. జాబర్ లేనిదే సాంచా నడువదని ఎరిగిన నోటితోనే ఈ మాట అందుము.

రేవు దాటని పడవను దినదినము తుడిచి ప్రయోజనమేమి యని యెవరైన అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. కదలని పడవకు మెరుగు పెట్టుట మాకును ప్రియము కాదు. తుడుచుట ప్రయాణము కొరకే. కాని కదలు పడవలో తుడుచువారొకరు, ప్రయాణించువారొకరు కారు. ఆరుగురే ఉన్నచోట వేరే పనివారుండరు; చుక్కాని పట్టిన చేయియే పాళీ దిగి గిన్నె తోమవలెను.

కొందరు ఇల్లాలిని గృహలక్ష్మి యని వేదికలపై పొగడుదురు. పొగడి, గిన్నెలను ఆమెకే వదలుదురు. ఇది మాకు సమ్మతము కాదు. మెప్పు వేరు, వంతు వేరు. పదవీ విరమణ చేసిన మావంటి వారికి పాళీ లేదు, తొందర లేదు. అయినను కుళాయికి నీళ్లు వచ్చు వేళ బిందె పట్టుకొని నిలుచు మగవారిని మా వీధిలో లెక్కించుటకు ఒక చేతి వ్రేళ్లు చాలును, ఇంకను మిగులును.